లేక్ ఒడ్డున గుర్రం... ఫోన్‌లో నాన్న

ఇన్‌స్టాలో నేను పెట్టినవాటిల్లో ఎక్కువ లైకులొచ్చింది ఒక ఫొటోకే. వెనకాల లేక్, నీళ్ళమీద సాయంత్రపు ఎండ, ముందు ఎర్రటి గుర్రం, దాని మెడమీద చెయ్యేసి నేను. "ఏం లైఫే నీది!" అని ఇంజినీరింగ్ ఫ్రెండ్స్ అందరూ కామెంట్లు. ఆ ఫొటో తీసిన ఏడు గంటలకి అదే గుర్రం డొక్కకి చెవి ఆనించి చీకట్లో ఏడుస్తూ నించున్నాను. అది మాత్రం ఎవరూ ఫొటో తియ్యలేదు.

నేనుండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. మనవాళ్ళకి ఆ ఊరు కొత్తేం కాదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, ఒక రూమ్మేట్, వీకెండ్‌కి బిర్యానీ, మళ్ళీ సోమవారం. అక్కణ్ణించి ఉత్తరంగా అరగంట పోతే ఆబ్రీ, పైలట్ పాయింట్ అనే చిన్న ఊళ్ళొస్తాయి. ఆ చుట్టుపక్కలంతా గుర్రాల ఫారాలే. రోడ్డు పక్కన పొడుగ్గా కంచెలు, లోపల తలలు వంచి మేస్తున్న గుర్రాలు. ఓ శనివారం తోచక ఒక గంట రైడింగ్ క్లాసుకి వెళ్ళాను. రెండేళ్ళయింది, ఇంకా వెళ్తూనే ఉన్నాను.

గుర్రం నాది కాదు. "హాఫ్ లీజు" అని ఒక పద్ధతుంది. నెలకింత అని కడితే వారానికి మూడు రోజులు గుర్రం మనది. ఎక్కొచ్చు, ఒళ్ళు తోమొచ్చు, లద్దె ఎత్తొచ్చు. ఎక్కువసేపు పట్టేది ఆ మూడో పనికే. గుర్రం పేరు బిస్కెట్. మన కుర్రాళ్ళు వేసే బిస్కెట్ కాదు, ఒంటి రంగుని బట్టి పెట్టిన పేరు. పదిహేడేళ్ళ క్వార్టర్ హార్స్, నుదుటిమీద తెల్ల మచ్చ, ఎవరి జేబులో క్యారెట్ ఉందో ఆమడ దూరం నుంచే కనిపెట్టేస్తుంది. దాని ఓనరు అరవై దాటిన టెక్సస్ పెద్దావిడ. మాటలు తక్కువ, చూపులు ఎక్కువ.

మా నాన్న సంగతి ఇక్కడే చెప్పాలి. తెనాలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మా తాతయ్య రైల్వే స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడని నాకు చాలాకాలం తెలీదు. ఓ పెళ్ళిలో మా మేనత్త నోరు జారింది. "మీ నాన్న జట్కాలో కూచునే ఎక్కాలన్నీ బట్టీపట్టాడే" అంది. నాన్న ఆవిడ వంక చూసిన చూపుకి ఆ టాపిక్ అక్కడితో క్లోజ్. ఆ భోజనాల్లోనే ఇంకోటి గమనించాను. ఉలవచారు వడ్డించడానికి వస్తే నాన్న విస్తరిమీద చెయ్యి అడ్డం పెట్టాడు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పుట్టి, మీగడేసిన ఉలవచారుని వద్దనేవాళ్ళుంటారా? మా ఇంట్లో అది ఎప్పుడూ వండలేదు. ఎందుకని అడిగితే "ఆయనకి పడదు" అంటుంది అమ్మ. అంతే.

గుర్రం ఎక్కుతున్నానని అమ్మకి చెప్పాను. "మీ నాన్నకి మాత్రం చెప్పకు" అంది. ఆయనకి ఇన్‌స్టా లేదు కాబట్టి తెలిసే దారీ లేదు. రెండేళ్ళు అలా నెట్టుకొచ్చాం.

పోయిన అక్టోబరులో పెద్దావిడ అడిగింది, "శనివారం రే రాబర్ట్స్ లేక్‌కి వెళ్తున్నా. నువ్వు బిస్కెట్‌ని తీసుకొస్తావా?" అని. ఎగిరి గంతేశాను.

రే రాబర్ట్స్ అంటే డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న పెద్ద రిజర్వాయరు. టెక్సస్‌లో లేకులు దాదాపు అన్నీ మనుషులు కట్టుకున్నవే. ఇది కూడా ట్రినిటీ నది పాయ ఎల్మ్ ఫోర్క్ మీద ఆర్మీ ఇంజినీర్లు 1980ల్లో ఆనకట్ట కట్టి నింపింది. డల్లాస్‌కీ డెంటన్‌కీ తాగే నీళ్ళిస్తుంది. ఒడ్డున స్టేట్ పార్కు. అందులో ఐల్ డు బోయ్ అనే భాగంలో గుర్రాలతో వచ్చేవాళ్ళకి వేరే సైట్లు, ఓక్ చెట్ల మధ్యనుంచి వేరే దారులు ఉన్నాయి. ఆనకట్ట దిగువనైతే నది వెంబడే లూయిస్‌విల్ లేక్ వైపు పోయే గ్రీన్‌బెల్ట్ దారి కూడా ఉంది. గుర్రంమీద కూచుని ఒకవైపు అడివి, ఒకవైపు నీళ్ళు చూస్తూ పోవచ్చు. వినడానికి సినిమాలా ఉంటుంది కదా? నేనూ అలాగే అనుకున్నాను.

మామూలు క్యాంపింగ్‌కి ఒక టెంటు, స్లీపింగ్ బ్యాగు, నాలుగు మ్యాగీ ప్యాకెట్లుంటే చాలు. గుర్రంతో వెళ్తే మనం దానికి పనివాళ్ళం.

ముందు కాగితం. గుర్రానికీ ఆధార్ లాంటిది ఒకటుంటుంది. కాగిన్స్ టెస్ట్ రిపోర్టు. ఎక్వైన్ ఇన్‌ఫెక్షియస్ ఎనీమియా అని ఒక వైరస్ జబ్బు. జోరీగలు ఒక గుర్రాన్ని కుట్టి ఇంకోదాన్ని కుడితే ఆ రక్తంతో అంటుకుంటుంది. దానికి మందు లేదు. పాజిటివ్ వస్తే గుర్రాన్ని చంపేస్తారు, లేదంటే బతికినన్నాళ్ళూ మిగతావాటికి దూరంగా ఒంటరిగా ఉంచుతారు. అందుకని ఏడాది లోపల చేయించిన నెగటివ్ రిపోర్టు చూపించకుండా టెక్సస్ స్టేట్ పార్కుల్లోకి గుర్రాన్ని తీసుకెళ్ళకూడదు. రిపోర్టు మీద దాని గుర్తులన్నీ రాసుంటాయి, నుదుటి మచ్చతో సహా.

తరవాత నీళ్ళు. గుర్రం రోజుకి 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది. పక్కనే లేక్ ఉంది కదా, ఇంకేం అనిపిస్తుంది. అక్కడే మోసం. కొత్తచోట నీళ్ళ వాసన తేడా కొడితే చాలా గుర్రాలు మూతి కూడా పెట్టవు. పైగా నిలవ నీళ్ళలో ఒక్కోసారి విషం పుట్టించే ఆల్గీ పేరుకుంటుంది. అందుకని కొందరు ఇంటి నీళ్ళే క్యాన్లలో మోసుకెళ్తారు. కొందరు వారం ముందునుంచే నీళ్ళలో కాస్త ఆపిల్ జ్యూస్ కలిపి అలవాటు చేస్తారు. కొత్తచోట కుళాయి నీళ్ళలో కూడా అదే కలిపితే, ఇంటి నీళ్ళే అనుకుని తాగేస్తుందని. చంటిపిల్లల్ని ఏమార్చినట్టే.

కట్టెయ్యడం ఇంకో విద్య. చెట్టుకి నేరుగా కట్టకూడదు, బెరడు కొరికేస్తుంది, కాళ్ళతో వేళ్ళు తవ్వేస్తుంది. రెండు చెట్లకి వెడల్పాటి పట్టీలు చుట్టి, వాటి మధ్య గుర్రం తలకంటే ఎత్తులో తాడు బిగించి, ఆ తాడుకి గుర్రాన్ని కడతారు. హైలైన్ అంటారు దీన్ని. పగ్గం మరీ పొడుగైతే కాలు ఇరుక్కుంటుంది, మరీ పొట్టిదైతే గడ్డి అందదు. ఆ కొలత కుదరడానికి నాకు నాలుగుసార్లు పట్టింది. కింద రాలిన ఓక్ కాయలన్నీ కూడా ఏరాలి, ఎక్కువ తింటే విషం.

ఇక గడ్డి. ఒంటి బరువులో దాదాపు రెండు శాతం తినాలి. బిస్కెట్ 450 కిలోలుంటుంది కాబట్టి రోజుకి 9 కిలోల ఎండుగడ్డి. గడ్డి ఉన్నట్టుండి మార్చకూడదు. మార్చాల్సొస్తే పాతదీ కొత్తదీ కలుపుతూ వారం పైనే పట్టాలి. ఈ ముక్క నాకు పెద్దావిడ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

ఆ ట్రిప్పుకి గడ్డి ఎక్కించే పని నాది.

పార్కు గేటు దగ్గర దిగి చూస్తే ట్రైలర్‌లో జీన్లున్నాయి, బకెట్లున్నాయి, నా మేకప్ కిట్టుంది, గడ్డి లేదు. రెండు మోపులూ బార్న్ గోడకి ఆనించినవి ఆనించినట్టే వదిలేసి వచ్చాను. పెద్దావిడ తిట్టలేదు. దార్లో దాటొచ్చిన ఫీడ్ స్టోర్‌కి వెనక్కి తిప్పి ఒక మోపు కొంది. మా గడ్డి కంటే సన్నంగా, పొడిపొడిగా ఉంది. "ఒక్క రాత్రికి పరవాలేదులే. కానీ నీళ్ళలో నానబెట్టి వెయ్యి" అంది.

సాయంత్రం రైడ్ అయ్యాక వెలుతురు బ్రహ్మాండంగా ఉంది. నీళ్ళమీద బంగారం పోసినట్టు. ఇరవై ముప్ఫై ఫొటోలు తీయించుకున్నాను. చీకటి పడుతోంది, గడ్డి నానబెట్టాలంటే బకెట్లు మొయ్యాలి, పావుగంట ఆగాలి. పొడి గడ్డే వేసేశాను. లేక్ వైపు తిరిగి కూచుని ఏ ఫొటో పెట్టాలా అని చూసుకున్నాను.

తొమ్మిదింటికి గాలి మారింది. టెక్సస్‌లో దీన్ని నార్తర్ అంటారు. పొద్దున టీషర్ట్‌తో తిరిగినవాళ్ళం, రాత్రికి జాకెట్‌మీద దుప్పటి కప్పుకున్నాం. చలి ఒక్కసారిగా తిరిగితే గుర్రాలు నీళ్ళు తాగడం తగ్గించేస్తాయి. పడుకోబోయే ముందు బిస్కెట్ బకెట్‌లోకి టార్చ్ వేసి చూశాను. నిండుగానే ఉంది. పొద్దున తాగుతుందిలే అనుకున్నాను.

ఒంటిగంటకి మెలకువొచ్చింది. టెంట్ బయట దబ్, దబ్ అని చప్పుడు. ఆగి, మళ్ళీ. హెడ్ ల్యాంప్ పెట్టుకుని వెళ్తే బిస్కెట్ ముంగాలితో నేల గోకుతోంది. అప్పటికే గుంట పడింది. మెడ వెనక్కి తిప్పి డొక్క వైపు చూసుకుంటోంది, పైపెదవి ముడుస్తోంది. వేసిన గడ్డి సగం అలానే ఉంది. పక్కనున్న పెద్దావిడ గుర్రం మాత్రం ఒక కాలు మడిచి నిలబడి నిద్రపోతోంది. చూస్తుండగానే బిస్కెట్ మోకాళ్ళు వంచి కూలబడబోయింది.

పెద్దావిడని లేపాను. ఆవిడ దాని చిగురుమీద వేలుపెట్టి నొక్కి చూసింది. డొక్కకి చెవి పెట్టింది. "కాలిక్" అంది.

కాలిక్ అంటే కడుపునొప్పి. మనిషికైతే కషాయం తాగి పడుకుంటే పోయేది. గుర్రానికి అలా కాదు. అది వాంతి చేసుకోలేదు. లోపలికెళ్ళింది ఎటు తిరిగీ ముందుకే పోవాలి. పెద్దపేగు ఒకచోట వెడల్పుగా వచ్చి, ఉన్నట్టుండి సన్నబడి మలుపు తిరుగుతుంది. నీళ్ళు చాలక మేత గట్టిపడితే ఆ మలుపులో బిరడా వేసినట్టు ఆగిపోతుంది. గుర్రాలు చచ్చిపోయే పెద్ద కారణాల్లో కాలిక్ ఒకటి.

పెద్దావిడ ఎమర్జెన్సీ వెట్‌కి ఫోన్ చేసింది. డాక్టరమ్మ రావడానికి గంటన్నర పడుతుందట. వేరే ఏదో కేసులో ఉంది. ఈలోపు తన దగ్గరున్న నొప్పి మందు పేస్టు ఎంత ఇవ్వాలో చెప్పింది, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టమంది. దవడ కింద వేళ్ళు పెట్టి లెక్కపెడితే నిమిషానికి 52. మామూలుగా 28 నుంచి 44 మధ్య ఉండాలి. దొర్లడానికి చూస్తే మెల్లగా నడిపించమంది. అవసరమైతే హాస్పిటల్‌కి ఎక్కించడానికి సిద్ధంగా ఉండాలని పెద్దావిడ ట్రక్కుకి ట్రైలర్ తగిలించే పనిలో పడింది. తరవాత గేటు దగ్గరికి వెళ్ళి డాక్టరమ్మకి దారి చూపించాలి. నడిపించే పని నాది.

పగ్గం పట్టుకుని లేక్ గట్టు వెంట అటు ముప్ఫై అడుగులు, ఇటు ముప్ఫై అడుగులు. ఎక్కడో కయోటీలు అరుస్తున్నాయి. నానబెట్టని గడ్డి తప్ప నా బుర్రలో ఇంకోటి లేదు. భయమేసి అమ్మకి వాట్సాప్ కాల్ చేశాను. మాకు రాత్రి ఒంటిగంట నలభై. తెనాలిలో ఆదివారం మధ్యాహ్నం పన్నెండూ పది.

నాన్న ఎత్తాడు.

"అమ్మ వంటింట్లో ఉంది. అక్కడ అర్ధరాత్రి కదా? ఏడుస్తున్నావేంటి?"

కథ అల్లే ఓపిక లేదు. "నాన్నా, గుర్రానికి కడుపునొప్పి" అన్నాను.

అటునుంచి మాట లేదు. కాల్ కట్టయిందేమో అనుకున్నాను.

"నేల గోకుతోందా?"

"గోకుతోంది."

"డొక్క చూసుకుంటోందా? లద్దె ఎప్పుడు వేసింది?"

గుర్రం ఎక్కడిది, ఎవరిది, నీకెందుకు, ఏదీ అడగలేదు. వీడియో ఆన్ చెయ్యమన్నాడు. స్క్రీన్‌మీద నాన్న మొహం, వెనకాల మా ముందుగది క్యాలెండర్. కళ్ళజోడు పైకి నెట్టుకుని కెమెరాకి బాగా దగ్గరగా వచ్చాడు.

"శూలే అది" అన్నాడు. "డొక్కకి చెవి ఆనించు. రెండువైపులా. కుండలో నీళ్ళు తిప్పినట్టు చప్పుడు రావాలి."

"ఏం రావట్లేదు నాన్నా."

"ఫోను అక్కడ పెట్టు."

పెట్టాను. తెనాలిలో ఫోను చెవికి ఆనించుకుని నాన్న, రే రాబర్ట్స్ ఒడ్డున బిస్కెట్ డొక్క. చాలాసేపు విన్నాడు. "ఎడమపక్క కొంచెం ఉంది. పూర్తిగా ఆగలేదు. నడిపించు. తొందరపెట్టకు, పక్కనే నడువు. ముక్కుతాడు లాగకు, అది నీమీద ఆనుకుంటే ఆనుకోనివ్వు."

పెద్దావిడ నా ఫోన్‌లోకి తొంగిచూసి "ఎవరు, వెట్టా?" అంది. "మా నాన్న" అన్నాను. "ఓహ్, హార్స్‌మ్యానా!" అని, జవాబు కోసం ఆగకుండా గేటు వైపు వెళ్ళిపోయింది.

ఫోను జాకెట్ జేబులో కెమెరా బయటికి పెట్టుకుని నడిచాను. పది నిమిషాలకోసారి జేబులోంచి నాన్న గొంతు, "నిద్రొస్తోందా?" "లేదు నాన్నా." మళ్ళీ పది నిమిషాలకి, "నిద్రపోకు తల్లీ." నాలుగోసారికి విసుగొచ్చింది. "నడుస్తూ ఎట్లా నిద్రపోతాను నాన్నా?"

"పోతారు. నేను పోయాను."

అప్పుడు చెప్పాడు. ఆయనకి పన్నెండేళ్ళట. తాతయ్య జ్వరంతో పడుకున్నాడు. సాయంత్రం నుంచి గుర్రానికి శూల. పశువుల డాక్టరు దొరకలేదు. "పడుకోనివ్వకుండా నడిపించు" అని తాతయ్య పగ్గం నాన్న చేతికిచ్చాడు. రాత్రంతా కాలవ గట్టుమీద అటూ ఇటూ నడిపించాడు. తెల్లారుజామున ఒక్క నిమిషం అని చెట్టుకి ఆనుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి పగ్గం చేతిలో లేదు. గుర్రం కిందపడి దొర్లుతోంది. పొద్దెక్కేలోపు పోయింది.

"ఇంకో గుర్రం కొనడానికి డబ్బుల్లేవు. మీ తాతయ్య రిక్షా అద్దెకి తీసుకున్నాడు. బండిమీద కూచుని తోలినవాడు, తొక్కాల్సొచ్చింది." కాసేపు ఆగాడు. "నన్ను ఒక్క మాట అనలేదే. ఎప్పుడూ అనలేదు."

నేనేం అనాలో తెలీక నడుస్తూ ఉన్నాను.

"దానికి ఉలవలు ఉడకేసేవాళ్ళం. గుగ్గిళ్ళు దానికి, ఆ నీళ్ళు మాకు చారు. అది పోయాక ఇంట్లో ఉలవలు అరబస్తా మిగిలాయి. పారేస్తే ఎలా? మీ నాయనమ్మ అవి అయిపోయేదాకా అదే చారు పెట్టింది."

వెనకాల అమ్మ గొంతు వినపడింది, అన్నం చల్లారిపోతోందని. "ఉండవే" అన్నాడు నాన్న.

మూడూ పదికి డాక్టరమ్మ వచ్చింది. మత్తు సూది ఇచ్చింది. భుజందాకా గ్లవ్ తొడుక్కుని లోపల చెయ్యిపెట్టి చూసింది. పెద్దపేగు మలుపులోనే అడ్డుపడింది, మెలికపడలేదు అంది. వాంతి రాదు కాబట్టి ముక్కులోంచి పొట్టలోకి పొడుగాటి గొట్టం వేసి, ముందు లోపల ఏమన్నా ఎగదన్నుతోందేమో చూసుకుని, ఆ గొట్టంలోంచే ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్ళు పంపు కొట్టింది. పది గంటలకల్లా లద్దె వెయ్యకపోతే హాస్పిటల్‌కి తీసుకురండి అంది. ఆపరేషన్ దాకా వెళ్తే పదివేల డాలర్లు దాటొచ్చని కూడా మెల్లగా చెప్పింది. పెద్దావిడ తలూపింది. నేను గడ్డి సంగతి ఒప్పేసుకున్నాను, నానబెట్టలేదని. పెద్దావిడ నా వైపు ఒక్కసారి చూసి, "నాకు తెలుసు. గడ్డి చూశాగా" అంది. అంతకంటే ఏమీ అనలేదు. అరిచుంటే బాగుండేది.

డాక్టరమ్మ సామాన్లు సర్దుకుంటుంటే ఒక ప్రశ్న అడిగాను. గుర్రం పడుకుని దొర్లితే పేగు మెలికపడి చచ్చిపోతుందా అని.

"అందరూ అలానే అంటారు" అంది. "అలా జరుగుతుందని గట్టి రుజువేం లేదు. చాలాసార్లు ముందు మెలికపడుతుంది, ఆ నొప్పికి దొర్లుతుంది. అలాంటిదాన్ని రాత్రంతా నడిపించినా ఆపరేషన్ లేకుండా బతకదు. నడిపించమనేది దెబ్బలు తగలకుండా, నొప్పి కాస్త మరిచిపోతుందని."

ఆవిడ వెళ్ళేసరికి నాలుగున్నర. నాన్న ఇంకా లైన్లోనే ఉన్నాడనుకున్నాను కానీ, నా ఫోన్ చార్జింగ్ ఎప్పుడో అయిపోయింది.

తెల్లారింది. నీళ్ళమీంచి పొగమంచు లేస్తోంది. ఇన్‌స్టాకి ఇంతకంటే మంచి ఫొటో దొరకదు. నేను బిస్కెట్ వెనకభాగం వైపే చూస్తూ మడతకుర్చీలో కూచున్నాను. ఎనిమిదీ ఇరవైకి తోక ఎత్తింది. నాలుగంటే నాలుగు ఉండలు. నేనూ పెద్దావిడా ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని గెంతాం. పక్క సైట్‌లో కాఫీ కాచుకుంటున్నాయన మమ్మల్ని చూసి, విషయం అర్థమై, కప్పు పైకెత్తాడు.

ట్రక్కులో చార్జింగ్ పెట్టి నాన్నకి వీడియో కాల్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. అక్కడ సాయంత్రం దాదాపు ఏడు. మధ్యాహ్నం పడుకోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"లద్దె వేసిందా?"

"వేసింది."

"చూపించు. దగ్గరగా పెట్టు." చూపించాను. కళ్ళజోడు పైకి నెట్టాడు. "పైన జిగురుంది. లోపల ఇంకా గట్టిగా ఉండొచ్చు. ఇవాళంతా గడ్డి పెట్టకు, నీళ్ళు మాత్రం తాగించు." డాక్టరమ్మ కూడా ముందు నీళ్ళే అంది, గడ్డి తను చెప్పాకే అని.

అప్పుడు డాక్టరమ్మ అన్న మాట చెప్పాను. దొర్లినందుకు చావదట నాన్నా, అప్పటికే మెలికపడుంటుందట, ఆ నొప్పికే దొర్లుతాయట అని.

నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. లెక్క తప్పు చేసినప్పుడు నా నోటుబుక్ వైపు చూసేవాడే, అలా చూశాడు.

"ఖాయంగా అలానే అందా?"

"అలానే అంది."

"నువ్వు సరిగ్గా విన్నావా? నిద్రలేదు నీకు. ఇంకోసారి అడుగు. రాసి ఇమ్మను."

మర్నాడు డాక్టరమ్మకి మెసేజి పెట్టాను. బిస్కెట్ గురించి రెండు లైన్లు, మా తాతయ్య గుర్రం గురించి నాలుగు లైన్లు. ఆవిడ ఓపిగ్గా జవాబిచ్చింది. ముందు చెప్పిందే మళ్ళీ వివరంగా రాసి, చివర్లో ఆ రాత్రి పన్నెండేళ్ళ పిల్లాడు చెయ్యగలిగింది వేరే ఏమీ లేదని మీ నాన్నగారికి చెప్పండి అంది. స్క్రీన్‌షాట్ తీసి నాన్నకి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

బుధవారం అమ్మ ఫోన్ చేసింది. "మీ నాన్న ఏదో ఇంగ్లీషు మెసేజి నాకు చదివి అర్థం చెప్పాడే. మళ్ళీ సాయంత్రం మీ మేనత్త వస్తే ఆవిడకీ చదివాడు" అంది.

బిస్కెట్ బానే ఉంది. ఏప్రిల్‌కి అదే పార్కులో మళ్ళీ సైట్ బుక్ చేశాం. నాన్నకి చెప్తే, ఎన్ని రోజులని అడిగి, వేళ్ళమీద లెక్కేసి, "మూడు మోపులు ఎక్కించు. ముందురోజు రాత్రే ఎక్కించు" అన్నాడు.